మా పిల్లలు ఈదే నీళ్లలో క్లోరిన్ పని చేస్తోందా? రంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి,



పోయిన ఏడాది మే నెలలో ఒక రాత్రి మా మనవరాలు చెవి పట్టుకుని ఏడుస్తూ లేచింది. తొమ్మిదేళ్ల పిల్ల. అప్పటికి మూడు వారాలుగా పొద్దున్నే ఆరున్నర బ్యాచ్‌కి ఈత నేర్చుకోవడానికి వెళ్తోంది. కళ్లు ఎర్రబడటం మొదటి వారం నుంచే ఉంది. "క్లోరిన్ కదా తాతా, అందరికీ అంతే" అని తనే నాకు సర్దిచెప్పేది. తెల్లారాక స్కూటర్ మీద దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లి చెవి డాక్టరుకు చూపించాను. ఆయన చెవి తమ్మెను పట్టుకుని కాస్త లాగగానే పిల్ల కెవ్వుమంది. ఇంకా లోపలికి చూడనే లేదు, "ఈతకు పోతున్నావా తల్లీ?" అని అడిగాడు.

బయటి చెవి ఇన్ఫెక్షన్ అన్నాడు. చుక్కల మందు రాశాడు, పది రోజులు చెవి తడవకూడదన్నాడు. అదే బ్యాచ్‌లో ఇంకో ముగ్గురు పిల్లలకూ ఇదే బాధ వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ కొలను నీళ్ల వల్లే వచ్చిందని నేను నిరూపించలేను. చెవిలో నీళ్లు నిలిచి, తోలు నాని, గోరు తగిలినా ఈ జబ్బు వస్తుంది. అందుకే ఆ కొలను పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ ఈ జబ్బుకు ఎక్కువసార్లు కారణమయ్యే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, క్లోరిన్ సరిగా పని చేస్తున్న నీళ్లలో బతకకూడదు. ఆ మాట పట్టుకుని నేను ఆ కొలను దాకా వెళ్లాను. అక్కడ చూసినది మీకు చెప్పాలనే ఈ లేఖ.

నేను బాలాపూర్ మండలం నాదర్‌గుల్‌లో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా ఊరి పేరు చెబితే బయటివాళ్లకు ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ, చిన్న విమానాలు దిగే మైదానం గుర్తొస్తాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. బడంగ్‌పేట, గుర్రంగూడ, ఆదిబట్ల దాకా ఇళ్లు కలిసిపోయాయి. ఇళ్లతో పాటే ఈత కొలనులూ వచ్చాయి. అపార్టుమెంట్లలో ఉన్నాయి, స్కూళ్లలో ఉన్నాయి, వేసవి శిబిరాల కోసం తవ్వినవి ఉన్నాయి, ఆదివారాలు అద్దెకిచ్చే ఫాంహౌసుల్లో ఉన్నాయి. ఒకప్పుడు మా ఈడు వాళ్లం నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో దూకి ఈత నేర్చుకున్నాం. ఆ బావిలో ఊట ఉండేది, మోటరు తోడుతూ ఉండేది, నీరు మారుతూ ఉండేది. ఈ కొలనులో నీరు మారదు. పోయిన వేసవిలో నింపిన నీళ్లలోనే ఈ వేసవి పిల్లలూ దిగుతారు. వాళ్లకూ రోగానికీ మధ్య ఉన్నది ఫిల్టరూ క్లోరినూ మాత్రమే.

ఆ రోజు మేనేజరు నన్ను మర్యాదగానే కూర్చోబెట్టి రిజిస్టర్ చూపించాడు. రోజుకో వరుస, ప్రతి వరుసలో క్లోరిన్ 3 అని ఉంది. మందులు వేసే అబ్బాయిది నల్లగొండ వైపు. ఇరవై రెండేళ్లుంటాయేమో. "నీళ్లు జూడు సార్, అద్దం లెక్క ఉన్నయి. అడుగున రూపాయి బిళ్ల ఏస్తే బొమ్మనా బొరుసా చెప్పొచ్చు" అన్నాడు. నిజమే, నీళ్లు అద్దంలాగే ఉన్నాయి. తన పరీక్ష కూడా చేసి చూపించాడు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, సీసాలోంచి నాలుగు చుక్కలు వేశాడు. పసుపు రంగు వచ్చింది. డబ్బా మీది రంగుల పట్టీ పక్కన పెట్టి "మూడు" అన్నాడు. ఆ మూడు అబద్ధం కాదు. అతను చెప్పినదంతా నిజమే. అయినా ఆ నీళ్లు పిల్లలకు రక్షణ ఇచ్చే స్థితిలో లేవు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో మీకు వివరించాలి.

కలెక్టర్ గారూ, ఉపాధి హామీ పనుల మస్టర్ మీకు కొత్త కాదు. మస్టర్‌లో వంద పేర్లుంటాయి. చెరువు కట్ట దగ్గరికి వెళ్లి చూస్తే గడ్డపార పట్టినవాళ్లు ఎందరన్నది వేరే లెక్క. కొలనులో క్లోరిన్ 3 అనేది మస్టర్ సంఖ్య. క్రిములను చంపే పని చేసేది అందులో ఒక్క భాగమే, దాని పేరు హైపోక్లోరస్ ఆమ్లం. మిగతాది హైపోక్లోరైట్ రూపంలో ఉంటుంది. అదీ క్లోరినే, పరీక్షలో అదీ లెక్కకు వస్తుంది, కానీ క్రిమిని చంపడంలో దాని శక్తి ఎన్నో రెట్లు తక్కువ. క్రిమి చుట్టూ ఉండే పొర మీద రుణావేశం ఉంటుంది, హైపోక్లోరైట్ మీదా రుణావేశమే. అందుకని అది అంత తేలిగ్గా లోపలికి పోలేదు. ఏ ఆవేశమూ లేని హైపోక్లోరస్ ఆమ్లం సూటిగా దూరిపోతుంది.

ఏది ఎంత ఉండాలో తేల్చేది పీహెచ్. పీహెచ్ 7.2 దగ్గర క్లోరిన్‌లో మూడింట రెండు వంతులు పనిచేసే రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర దాదాపు సగం. 8 దగ్గర నాలుగో వంతు. 8.2కు వచ్చేసరికి ఐదో వంతు కూడా ఉండదు. క్లోరిన్ ఒక్క చుక్క కూడా తగ్గలేదు, రిజిస్టర్‌లో అంకె మారలేదు, పనివాళ్లు మాత్రం వెళ్లిపోయారు. మా వైపు బోరు నీళ్లు మీకు తెలియనివి కావు. గిన్నె ఆరితే తెల్ల పొర, కుళాయి మూతికి సున్నం. అలాంటి నీళ్లు కొలనులో పోసి, పంపు తిప్పుతూ గాలికీ ఎండకూ వదిలేస్తే, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ తనంతట తానే పైకి పాకుతుంది. సున్నం నుంచి తయారైన బ్లీచింగ్ పౌడర్ వేసే చోట అది ఇంకాస్త పెరుగుతుంది. రోజూ చూసుకుని యాసిడ్‌తో దించకపోతే మా నాదర్‌గుల్ నీళ్లు ఎనిమిది దాటడానికి ఎక్కువ రోజులు పట్టదు.

నేను వెంట నా కిట్టు తీసుకెళ్లాను. ముందు పీహెచ్ చూశాను, 8.2. తర్వాత డీపీడీ బిళ్ల వేశాను. 1957లో పాలిన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త వెలువరించిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఇదే నమ్మకమైనది. గులాబీ రంగు వచ్చింది. మూడుకు కాస్త తక్కువ. అంటే ఆ అబ్బాయి చెప్పిన లెక్క దగ్గరదగ్గర సరిపోయింది. పసుపు రంగు వచ్చే చుక్కల మందు ఆర్థోటోలిడిన్. మన పంచాయతీల్లో వాటర్ ట్యాంకు దగ్గర వాడే క్లోరోస్కోప్‌లో ఉండేదీ అదే. అది మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది గానీ అందులో స్వేచ్ఛగా ఉన్నదెంత, చెమటతో మూత్రంతో కలిసి చెడిపోయినదెంత అని విడదీయదు. డీపీడీ విడదీస్తుంది. అయితే డీపీడీకీ ఒక గండం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువై పది పీపీఎం దాటితే ఆ గులాబీ రంగు వెలిసిపోయి, గొట్టంలో నీళ్లు తెల్లగా కనిపిస్తాయి. తెలియనివాడు సున్నా అనుకుని ఇంకా పోస్తాడు. (పీపీఎం అంటే లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము.)

ఇక మూడో పరీక్ష. ఇది అక్కడ ఎవరూ ఎప్పుడూ చేసింది కాదు. కొలను నీళ్లు సగం, మెలమైన్ ద్రావణం సగం కలిపితే మజ్జిగ తేటలా మసకబారుతుంది. అడుగున నల్ల చుక్క గీసిన సన్నటి గొట్టంలో దాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క ఏ గీత దగ్గర కనిపించకుండా పోతే ఆ గీత మీది అంకే లెక్క. గొట్టం ఎంత త్వరగా చుక్కను మింగేస్తే నీళ్లలో సయనూరిక్ ఆమ్లం అంత ఎక్కువ. ఆ అబ్బాయి నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. నేను పోయడం మొదలుపెట్టిన కాసేపటికే, గొట్టం ఇంకా అడుగుభాగం నిండుతుండగానే, "చుక్క పోయింది సార్" అన్నాడు. వంద గీత దాటిపోయింది.

ఈ సయనూరిక్ ఆమ్లం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే మన ఎండలకూ దానికీ సంబంధం ఉంది. ఆరుబయట కొలనులో వట్టి క్లోరిన్ వేస్తే మే నెల మిట్టమధ్యాహ్నం ఎండకు రెండు గంటల్లో చాలా భాగం ఆవిరైపోయినట్టే. అందుకని క్లోరిన్‌ను సయనూరిక్ ఆమ్లానికి కట్టి బిళ్లలుగా అమ్ముతారు, టీసీసీఏ 90 అని. ఆ ఆమ్లం గొడుగు పట్టినట్టు క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతుంది. మంచి ఉపాయమే. కానీ గొడుగు పట్టిన చెయ్యే క్లోరిన్ చేతిని కూడా పట్టుకుంటుంది. సయనూరిక్ ఆమ్లం 50 పీపీఎం ఉన్న నీళ్లలో రెండు పీపీఎం క్లోరిన్ వేస్తే, నూటికి తొంభై ఐదు పాళ్లకు పైగా దానికి కట్టుబడే ఉంటుంది. క్రిమి మీదికి వెళ్లగలిగేది మిగతా కొసరే. అయినా డీపీడీ పరీక్ష ఆ కట్టుబడినదాన్ని కూడా స్వేచ్ఛా క్లోరిన్‌గానే లెక్కపెడుతుంది, ఎందుకంటే పరీక్ష మందు తగలగానే కట్లు విడిపోతాయి. గొట్టంలో విడిపోయేవి, కొలనులో క్రిమి ఎదురైనప్పుడు ఆ వేగంతో విడిపోవు. మస్టర్‌లో అందరూ హాజరు, కట్ట మీద నలుగురే.

పైగా క్లోరిన్ ఖర్చయిపోతుంది, సయనూరిక్ ఆమ్లం ఖర్చు కాదు. నీళ్లు బయటికి పోతే తప్ప అది పోదు. ఆ అబ్బాయిని అడిగాను, "రోజుకు ఎన్ని బిళ్లలు వేస్తావు తమ్ముడూ?" అని. "నాలుగు సార్. ఎండ ఎక్కువుంటే ఐదు." నీళ్లు ఎప్పుడు మార్చారంటే, "మార్సుడా? నిరుడు నింపినయే సార్. తక్కువైతే బోరు వదుల్తం" అన్నాడు.

అక్కడే సిమెంటు అరుగు మీద కూర్చుని లెక్క కట్టాం. కొలను ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, సగటున మీటరుంపావు కన్నా కాస్త తక్కువ లోతు. అంటే రెండు లక్షల నలభై వేల లీటర్లు. 200 గ్రాముల బిళ్లలు నాలుగు వేస్తే నీళ్లకు మూడు పీపీఎం క్లోరిన్ చేరుతుంది. పది పీపీఎం క్లోరిన్‌తో పాటు ఆరు పీపీఎం సయనూరిక్ ఆమ్లం వస్తుంది కాబట్టి, రోజుకు 1.8 చొప్పున అది పోగుపడుతుంది. 56 రోజుల్లో వంద దాటుతుంది. ఏప్రిల్ చివర శిబిరం మొదలై జూన్‌లో బడులు తెరిచే లోపే కొత్త నీళ్లు కూడా ఈ గతికి దగ్గరవుతాయి. నిరుటి నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. దించాలంటే ఒక్కటే మార్గం, నీళ్లు తోడిపోయడం. 120 నుంచి 30కి దించాలంటే ముప్పావు కొలను ఖాళీ చేయాలి. అది లక్షా ఎనభై వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై ఆరు. మే నెలలో మా కాలనీల్లో ఒక ట్యాంకరు కోసం మూడు రోజులు ఎదురుచూస్తాం. కొలను యజమాని ముప్పై ఆరు తెప్పిస్తాడని నేను అనుకోను, తెప్పించమనడం న్యాయమని కూడా అనుకోను. అందుకే ఆ గీత దాటకముందే కనిపెట్టాలి. వారానికి ఒక్కసారి నల్ల చుక్క పరీక్ష చేసి, యాభై దాటగానే బిళ్లలు ఆపి ద్రవ క్లోరిన్‌కు మారితే ఏ ట్యాంకరూ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఈత కొలనుల కోసం వేసిన మార్గదర్శకాల్లో సయనూరిక్ ఆమ్లం వంద దాటకూడదనీ, పీహెచ్ 7.2కూ 7.8కీ మధ్య ఉండాలనీ చెప్పింది. మన భారతీయ ప్రమాణాల సంస్థకు కూడా ఈత కొలను నీటికి ప్రత్యేకంగా ఐఎస్ 3328 అనే ప్రమాణం ఉంది, 1993లో సవరించారు.

అయితే క్లోరిన్ ఎంత ఉందన్నది కాకుండా, ఎంత పని చేస్తోందన్నది నేరుగా కొలిచే సాధనం ఏదైనా ఉందా అని మీరు అడగవచ్చు. దాదాపు అలాంటిదే ఒకటుంది. ప్లాటినం ముక్క ఉన్న ఎలక్ట్రోడ్‌ను నీళ్లలో ముంచితే, ఆ నీళ్లకు ఎదుటి పదార్థాన్ని ఆక్సీకరణం చేసే ఊపు ఎంత ఉందో మిల్లీవోల్టుల్లో చూపిస్తుంది. ఓఆర్‌పీ అంటారు. 1960లలో జర్మనీలో కార్ల్‌సన్ బృందం చేసిన ప్రయోగాల్లో ఇ.కోలై క్రిములు చచ్చే వేగం క్లోరిన్ అంకె కన్నా ఈ మిల్లీవోల్టుల అంకెతోనే బాగా కలిసి నడిచింది. పీహెచ్ పెరిగితే ఈ అంకె పడిపోతుంది, సయనూరిక్ ఆమ్లం పెరిగితే పడిపోతుంది, మురికి పెరిగితే పడిపోతుంది. అందుకే జర్మనీ తన ప్రమాణంలో దీన్ని చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో 720 మిల్లీవోల్టులు దాటితే నీరు క్రిముల పరంగా మంచి స్థితిలో ఉన్నట్టు. నా దగ్గరున్న పెన్ను లాంటి మీటరు ఆ కొలనులో ముంచి, అంకె నిలకడకు వచ్చేదాకా కొన్ని నిమిషాలు ఆగాం. 583 దగ్గర ఆగింది. క్లోరిన్ మూడు, ఓఆర్‌పీ 583. ఆ అబ్బాయి అంకెను రెండుసార్లు చదివి, మీటరు కడిగి మళ్లీ ముంచమన్నాడు. మళ్లీ ముంచాను. అంతే వచ్చింది.

మీటరే దేవుడని నేను అనను. ఎలక్ట్రోడ్ మీద నూనె, సున్నం పేరుకుంటే తప్పుడు అంకె చూపుతుంది, నెలనెలా శుభ్రం చేసి సరిచూడాలి. ఒక్క యంత్రాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2016 ఆగస్టులో ప్రపంచమంతా చూసింది. మన సింధు రజతం గెలిచిన అదే రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను రాత్రికి రాత్రి ఆకుపచ్చగా మారింది, పక్క కొలను కూడా పాడైంది. కొన్ని రోజుల తర్వాత నిర్వాహకులు కారణం చెప్పారు. ప్రారంభోత్సవం రోజున ఎవరో పొరపాటున హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు, అది క్లోరిన్‌ను విరిచేసింది, నాచు లేచింది. ఎలక్ట్రానిక్ యంత్రాలు మాత్రం క్లోరిన్ సరిగానే ఉందని చూపుతూ వచ్చాయి. పక్క కొలను నీళ్లు తోడేసి, సాధన కొలను నీళ్లతో నింపి పోటీలు జరపాల్సి వచ్చింది. ఒలింపిక్ కొలనులోనే అలా జరిగితే గుర్రంగూడ రోడ్డు పక్క శిబిరం మాటేమిటి? అందుకే నాలుగు అంకెలూ కలిపి చూడమంటున్నాను: స్వేచ్ఛా క్లోరిన్, పీహెచ్, సయనూరిక్ ఆమ్లం, ఓఆర్‌పీ. ఒకటి తప్పితే మరొకటి పట్టిస్తుంది.

నీళ్లను ల్యాబుకు పంపి క్రిముల్ని లెక్కించవచ్చు కదా అంటారు. పంపాలి. నారాయణగూడలోని ప్రభుత్వ ల్యాబు ఐపీఎం మన దగ్గరే ఉంది. కానీ ఆ ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా వందమంది పిల్లలు దిగి లేస్తారు. ఇంకో సూక్ష్మం ఉంది. సీసాలో పట్టిన నీళ్లలో క్లోరిన్ ఊరుకోదు, ల్యాబుకు చేరేదాకా దారిపొడవునా పని చేస్తూనే ఉంటుంది. కొలనులో పది నిమిషాల్లో చావని క్రిమి, సీసాలో మూడు గంటల్లో చస్తుంది. అప్పుడు రిపోర్టు పరిశుభ్రంగా వస్తుంది. అందుకే సీసాలో ముందే చిటికెడు సోడియం థయోసల్ఫేట్ వేసి పెట్టాలి, నీళ్లు పట్టిన క్షణంలోనే క్లోరిన్ విరిగిపోయేలా. మామూలు మంచినీళ్ల సీసాలో పట్టి పంపిన నమూనాకు విలువ లేదు. నాకు ఆ కొలనులో చూపించిన రిపోర్టు అలాంటి సీసాదే. సీసా ఎక్కడిదంటే ఫ్రిజ్‌లోదన్నారు.

వేగం ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. కొలనులో పిల్లవాడు మింగే గుక్కెడు నీళ్లు పక్క పిల్లవాడి ఒంటి మీంచి కొద్ది క్షణాల ముందే వచ్చి ఉండొచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం ఒక పీపీఎం క్లోరిన్, 7.5 పీహెచ్, 25 డిగ్రీల దగ్గర ప్రమాదకరమైన ఇ.కోలై నిమిషం లోపే చస్తుంది. హెపటైటిస్ ఎ వైరస్‌కు పావుగంట పైచిలుకు, జియార్డియాకు ముప్పావుగంట కావాలి. క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవికి పది రోజులకు పైగా పడుతుంది. ఇవన్నీ సయనూరిక్ ఆమ్లం లేని నీళ్ల లెక్కలు. అది ఉంటే ప్రతి నిమిషమూ సాగుతుంది. విరేచనాలతో ఉన్న పిల్లను నీళ్లలోకి దింపకూడదని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాల్సింది ఆ చివరిదాని వల్ల. క్లోరిన్ ఎంత బాగా పనిచేసినా దాన్ని సమయానికి ఆపలేదు.

కళ్ల మంట, ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువైందనడానికి గుర్తని మా మనవరాలితో సహా అందరూ అనుకుంటారు. ఆ వాసన క్లోరమైన్లది. చెమటలో మూత్రంలో ఉన్న నత్రజని పదార్థాలతో కలిసి చెడిపోయిన క్లోరిన్ అది. ఘాటు వాసన వస్తే శుభ్రమైన కొలను అని కాదు, పనివాళ్లు అలిసిపోయిన కొలను అని అర్థం. దిగే ముందు సబ్బు రుద్ది స్నానం చేస్తే సగం వాసన రాదు. ఆ కొలను షవరుకు నీళ్లు రావడం లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు.

కేరళలో 2024లోనూ 2025లోనూ అమీబా మెదడువాపుతో పిల్లలు, పెద్దలు చనిపోయిన వార్తలు మనం చదివాం. అక్కడ చాలావరకు చెరువులూ బావులూ కారణం. ఆ భయాన్ని ఇక్కడ పుట్టించడం నా ఉద్దేశం కాదు. వెచ్చటి నీళ్లలో బతికే ఆ జీవిని కూడా ఆపగలిగింది సరిగా పనిచేసే క్లోరిన్ అని మాత్రమే గుర్తుచేస్తున్నాను. 2009 మే నెలలో మన భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి పదిమందికి పైగా చనిపోయారు. తాగే నీళ్లలో మన ప్రమాణం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది. అంత జాగ్రత్త తాగే నీళ్లకు పెట్టుకున్నవాళ్లం, పిల్లలు గంటసేపు మునిగి, మింగి, ముక్కుల్లోకి పీల్చే నీళ్లను ఎవరి దయకో వదిలేశాం.

ఇక నా విన్నపం. పెట్రోల్ బంకుకు వెళ్తే ఆ రోజు డెన్సిటీ బోర్డు మీద రాసి ఉంటుంది. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్ర తెమ్మని అడిగే హక్కు మనకుంది. అదే పద్ధతి ఈత కొలనుకూ రావాలి. డబ్బు తీసుకుని జనాన్ని దింపే ప్రతి కొలను గేటు దగ్గర, టికెట్ కొనే చోట, ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తీసిన స్వేచ్ఛా క్లోరిన్, పీహెచ్, ఓఆర్‌పీ అంకెలు, ఆ వారం తీసిన సయనూరిక్ ఆమ్లం అంకె, పరీక్షించిన వాళ్ల పేరు సుద్దముక్కతో రాసిన బోర్డు ఉండాలని ఆదేశించండి. తెలుగులో ఉండాలి. పక్కనే ఏ అంకె ఎంత ఉండాలో కూడా రాయించండి. ఏ తల్లి అయినా "ఒకసారి నా ముందు పరీక్ష చెయ్యి బాబూ" అని అడిగితే చేసి చూపాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డీపీడీ కిట్టు, మెలమైన్ గొట్టం, మీటరు పెన్ను, ఈ మూడింటి ఖర్చు ఆ కొలనుకు ఒక బ్యాచ్ పిల్లలు కట్టే ఫీజులో చిన్న వాటా.

పసుపు చుక్కల కిట్లను ఈత కొలనుల్లో ఆపించండి. పురపాలక సిబ్బంది, జిల్లా ఆరోగ్య శాఖ సిబ్బంది కలిసి చెప్పకుండా వెళ్లాలి, మధ్యాహ్నం మూడింటికి వెళ్లాలి. పొద్దున ఆరింటికి ఏ కొలనులోనైనా అంకెలు బాగుంటాయి. ఎండ మండి, నాలుగు బ్యాచ్‌లు దిగి లేచాక తీసిన అంకే అసలు అంకె. నమూనా సీసాల్లో థయోసల్ఫేట్ ఉందో లేదో చూసి పంపించండి. ఆదిబట్ల, తుక్కుగూడ దారుల్లో శని ఆదివారాలకు అద్దెకిచ్చే ఫాంహౌసులను కూడా ఇందులో చేర్చండి. నాకు ఎక్కువ భయం వాటి గురించే. అక్కడ రిజిస్టర్ రాసే మనిషి కూడా ఉండడు. శనివారం పొద్దున వాచ్‌మన్ గుప్పెడు పొడి చల్లుతాడు, సాయంత్రానికి యాభైమంది దిగుతారు.

అన్నిటికన్నా ముందు ఆ మందులు వేసే అబ్బాయిల సంగతి చూడండి. నాకు కనిపించిన అబ్బాయి సోమరి కాదు, మోసగాడు కాదు. డబ్బా మీద ఇంగ్లిషులో రాసినదాన్ని ఎవరో ఒకసారి చెబితే విని, అదే రోజూ చేస్తున్నాడు. టీసీసీఏ బిళ్లలకూ బ్లీచింగ్ పౌడరుకూ ఒకే మగ్గు వాడుతున్నాడు. ఆ రెండూ తడితో కలిస్తే మంటలు లేచి పేలవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. యాసిడ్ క్యాను బ్లీచింగ్ బస్తా పక్కనే ఉంది. అవి రెండూ ఒలికి కలిస్తే విషవాయువు వస్తుందనీ చెప్పలేదు. చేతులకు గ్లవ్స్ లేవు, గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పన్నెండు వేల జీతం. మూడు వందలమంది పిల్లల ఆరోగ్యం అతని చేతిలో ఉంది. ఏప్రిల్‌లో రెండు రోజులు ఇలాంటి వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, తెలుగులో, అవసరమైతే హిందీలో నేర్పించి, ఒక కార్డు ఇవ్వండి. కార్డు ఉన్న మనిషి లేని కొలను తెరవకూడదనండి.

నేను నేర్పిన గంటలోనే అతనికి నల్ల చుక్క పరీక్ష వచ్చేసింది. రెండోసారి తనే చేశాడు. ఆ తర్వాత నన్ను అడిగిన ప్రశ్న నాకు ఇంకా చెవిలో ఉంది: "మరి ఇన్ని రోజులు నేను రాసిన మూడు దేని లెక్క సార్?"

ఈ ఏడాది మా మనవరాలు మళ్లీ ఈతకు వెళ్తానంటోంది. వెళ్లాలి. ప్రతి వేసవిలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో పిల్లలు మునిగి చనిపోతున్న ఈ నేల మీద ఈత రాని పిల్ల ఉండకూడదనే నా అభిప్రాయం. అందుకే కొలనులు మూసేయమని నేను అడగడం లేదు.

కొంగరకలాన్‌లోని కలెక్టరేట్ మా ఇంటి నుంచి దూరమేమీ కాదు. మీరు ఏ రోజు పిలిచినా నా కిట్టు పట్టుకుని వస్తాను. శిక్షణ తరగతులు పెడితే జీతం లేకుండా పాఠం చెబుతాను, పాఠం చెప్పడం నాకు అలవాటైన పని. ఇంకా మంచిది, ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మూడింటికి మీరే మా వైపు ఏదో ఒక కొలనుకు రండి. గొట్టం మీ చేతిలో పెడతాను, నల్ల చుక్క ఎక్కడ మాయమవుతుందో మీరే చూడండి.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
నాదర్‌గుల్, బాలాపూర్ మండలం.